పురుడు మాది, ముహూర్తం వాళ్ళది

ఈ వారం ఉత్తరం ఉత్తర తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రం నుంచి వచ్చింది. నాలుగు కాగితాలు, రెండు వైపులా. పేరు రాయొద్దన్నారు, ఊరు కూడా చెప్పను.

రాసినావిడకు 49 ఏళ్ళు. ఒక్కతే కూతురు. 27 ఏళ్ళు, హైదరాబాద్‌లో ఉద్యోగం. ఏడో నెలలో శ్రీమంతం చేసి పుట్టింటికి తెచ్చుకున్నారు. తొలిచూలు. ఇప్పుడు 34 వారాలు. బీపీ లేదు, షుగర్ లేదు, లోపల బిడ్డ తల కిందికే ఉంది, హిమోగ్లోబిన్ 9.8 ఉందట. ఊళ్ళోని మాతా శిశు ఆసుపత్రిలో మిడ్‌వైఫ్‌లు ఉన్నారు. కూతురు చెకప్‌కి వెళ్ళి, వాళ్ళు గర్భిణులకు చెప్పే క్లాసుల్లో మూడుసార్లు కూర్చుని, "అమ్మా, నేను ఇక్కడ్నే కంట" అని తేల్చేసింది.

హైదరాబాద్‌లో ఉన్న వియ్యపురాలు ఇది విని సిద్ధాంతి దగ్గర ముహూర్తం పెట్టించారు. పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో డాక్టరమ్మతో మాట్లాడుకుని ఫోన్ చేశారు: "పైసలకు చూస్తున్నరా వదినా? ఖర్చు మేం పెట్టుకుంటం. సర్కారు దవాఖానల పడేయకుండ్రి." తొలికాన్పు పుట్టింటి బాధ్యత అయినచోట ఆ మాట ఎక్కడ తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు. అల్లుడేమో "మా అమ్మతోటి మీరే మాట్లాడుండ్రి అత్తమ్మా" అని తప్పుకున్నాడు. ఇంటాయన పేపరు అడ్డం పెట్టుకుని కూర్చుంటున్నాడు.

ఆఖరి కాగితంలో మరో సంగతి ఉంది. 1998లో ఈ కూతుర్ని కన్నది ఆవిడ సర్కారు ఆసుపత్రిలోనే. నొప్పులకి అరిస్తే నర్సు తొడ మీద కొట్టింది. "అప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకే" అంది. తల్లిని గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు. చెప్పకుండానే కోసి, చెప్పకుండానే కుట్టారు. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నారట, నా బిడ్డను మాత్రం ఆ గడప తొక్కనియ్యను అని. ఈ కథ ఇప్పటిదాకా కూతురికి చెప్పలేదు. "మిడ్‌వైఫు అంటే మంత్రసానే గద మేడం? మా అమ్మమ్మ కాలానికి మళ్ళ పోతున్నమా? బిడ్డ మాట వినాల్నా, వియ్యపురాలి మాట వినాల్నా?" అని అడుగుతున్నారు.

చెల్లెమ్మా,

మీరు మొదటి కాగితంలో రాయాల్సింది ఆఖరి కాగితంలో రాశారు. అక్కడి నుంచే మొదలుపెడతాను.

1998లో నేనూ ఒక లేబర్ రూమ్‌లో డ్యూటీలో ఉన్నాను. మీరు కన్న ఆసుపత్రి కాదు, అయినా అందులో పెద్ద తేడా ఏమీ లేదు. రాత్రి డ్యూటీలో ఇద్దరం నర్సులం, పదిహేను ఇరవై మంది నొప్పుల మనుషులు. అరవకండి అని అరిచేది మేమే. తొలికాన్పు అనగానే కత్తెర చేతిలోకి వచ్చేది. మాకు అట్లాగే నేర్పారు, నేనూ పదేళ్ళ పాటు నా కింద పిల్లలకి అట్లాగే నేర్పాను. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు కాన్పులో అందరికీ ఆ కోత పెట్టొద్దని రాసింది. చదివినప్పుడు నాకు కొందరి ముఖాలు గుర్తొచ్చాయి. మీ తొడ మీద పడ్డ దెబ్బకు రద్దీ ఒక కారణం కావచ్చు, సాకు కాదు. మీ భయం వట్టి భయం కాదు, మీ ఒంటికి జరిగిన సంగతి. దాన్ని "అప్పటి కాలం" అని కొట్టిపారేయమని నేను చెప్పను.

మరి మీ అమ్మాయి చూసిన చోటు అదేనా? మంత్రసాని సంగతి చెప్తే అది తేలుతుంది.

మంత్రసానిని నేను తక్కువ చేయను. నొప్పులు పడే మనిషిని వదిలిపెట్టకుండా తెల్లవార్లూ పక్కన కూర్చునేది. నడుం రాసేది, కూర్చోబెట్టేది, నడిపించేది, ధైర్యం చెప్పేది. ఆసుపత్రులు వచ్చాక మేం పోగొట్టింది సరిగ్గా అదే. ఆమె దగ్గర లేనివి వేరే. బీపీ చూసే మిషను లేదు. మాయ పడ్డాక నెత్తురు ఆగకపోతే వేసే ఇంజెక్షన్ లేదు. బిడ్డ ఏడవకపోతే ఊపిరి అందించే బ్యాగు, మాస్కు లేవు. గోడకి అవతల ఆపరేషన్ థియేటర్ లేదు. ఆమె ఓర్పు, ఈ సరంజామా రెండూ ఒకచోట ఉంటే ఎట్లా ఉంటుందో, మిడ్‌వైఫ్ పని అట్లా ఉంటుంది.

వీళ్ళు నర్సింగ్ చదివి, కాన్పులు చేసిన అనుభవం ఉండి, ఆ పైన 18 నెలలు ప్రత్యేకంగా శిక్షణ పొందినవాళ్ళు. కేంద్ర ప్రభుత్వం 2018 డిసెంబరులో దేశమంతటికీ దీనికి మార్గదర్శకాలు తెచ్చింది. అంతకు ముందే, 2017లో, మన దగ్గర ప్రభుత్వం, యునిసెఫ్, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి కరీంనగర్‌లో మొదటి బ్యాచ్‌ని మొదలుపెట్టాయి. కాబట్టి మీ అమ్మాయి వెనక్కి పోవడం లేదు. దేశంలో చాలా రాష్ట్రాల కంటే ముందు మన జిల్లాలకే వచ్చిన పద్ధతిని అడుగుతోంది.

రిటైరయ్యాక ఒకసారి ఇట్లాంటి వార్డు చూడటానికి వెళ్ళాను. ఒక అమ్మాయి పెద్ద రబ్బరు బంతి మీద కూర్చుని, మంచం అంచు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగుతోంది. నొప్పి వచ్చినప్పుడల్లా వెనక నిలబడ్డ మిడ్‌వైఫ్ నడుం కింద ఎముక మీద అరచేత్తో గట్టిగా అదిమి పట్టుకుంటోంది. నొప్పి పోగానే చేయి తీసి మంచినీళ్ళ గ్లాసు అందిస్తోంది. అరగంట గడిచేసరికి డాప్లర్ పెట్టి బిడ్డ గుండె చప్పుడు విని, కాగితం మీద గుర్తు వేసుకుంది. ముక్కే దశ వచ్చాక అయిదు నిమిషాలకోసారి విన్నది. ఎవరూ "తొయ్యి, తొయ్యి" అని కేకలు వేయలేదు. ఆ అమ్మాయి పక్కకి తిరిగి పడుకునే కనేసింది. బిడ్డను తుడిచి తల్లి రొమ్ము మీదే పడుకోబెట్టారు, బొడ్డుతాడును వెంటనే కోయకుండా నిమిషం పైన ఆగి కోశారు, ఈలోగా తల్లి తొడకి నెత్తురు ఎక్కువ పోకుండా ఇంజెక్షన్ పడింది. గంటలోపు బిడ్డ ముర్రుపాలు పట్టింది. నేను 34 ఏళ్ళ సర్వీసులో ఎన్ని కాన్పులు చేశానో లెక్క లేదు, వాటిల్లో ఒక్కదాన్నీ అంత నిమ్మళంగా చేయలేదు.

ఇక రెండో పక్కన ఉన్నదీ చెప్పాలి. మిడ్‌వైఫ్‌లు చూసేది ఇబ్బందులు లేని గర్భిణులనే. బీపీ పెరిగినా, బిడ్డ అడ్డం తిరిగినా, ఉమ్మనీరు ఆకుపచ్చగా కనిపించినా, గుండె చప్పుడు తగ్గినా వెంటనే డాక్టర్‌ని పిలుస్తారు. పిలవాలి కూడా. తొలికాన్పుల్లో ఇది అరుదేం కాదు. ఇంగ్లండ్‌లో మిడ్‌వైఫ్‌ల యూనిట్ల మీద చేసిన పెద్ద అధ్యయనం ఒకటి 2011లో వచ్చింది. అక్కడ మొదలుపెట్టిన తొలికాన్పు వాళ్ళలో పదికి దాదాపు నలుగురిని కాన్పుకు ముందో తర్వాతో డాక్టర్ల దగ్గరికి మార్చాల్సి వచ్చింది. అలా మారినవాళ్ళందరికీ ఆపరేషన్ అయిందనుకోకండి. కొందరిని నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ కోసం, కొందరిని కాన్పు నెమ్మదిగా సాగుతోందని మార్చారు. మీ అమ్మాయికి కూడా ఇది ఇప్పుడే తెలిసి ఉండాలి. లేకపోతే నార్మల్ కాకపోయేసరికి తను ఓడిపోయిందనుకుంటుంది, వియ్యపురాలు గెలిచానంటుంది. కాన్పు పందెం కాదు కదా.

ముహూర్తం దగ్గరికి వద్దాం. మీరు తేదీ రాశారు, నేను వేళ్ళ మీద లెక్క కట్టాను. ఆ రోజుకి మీ అమ్మాయికి 37 వారాల 3 రోజులు. ఉత్తరం మొత్తంలో నన్ను ఉలిక్కిపడేలా చేసింది ఆ తేదీయే. ఆపరేషన్‌కి కారణమే లేనప్పుడు 39 వారాల లోపు బిడ్డను తీయకూడదన్నది డాక్టర్లే పెట్టుకున్న నియమం. ఆఖరి రెండు వారాల్లో ఊపిరితిత్తులు గట్టిపడతాయి. నొప్పులు వచ్చినప్పుడు వాటి లోపలి నీరు ఆరిపోవడం మొదలవుతుంది. నొప్పుల్లేకుండా, ముందుగా తీసిన బిడ్డ కొందరిలో ఎగశ్వాసతో పుడుతుంది. అప్పుడు ఆ మంచి ముహూర్తపు బిడ్డ తల్లి దగ్గర కాకుండా గాజు పెట్టెలో పడుకుంటుంది. నాకు జ్యోతిషంతో తగాదా లేదు, మా ఇంట్లో కొత్త పొయ్యి వెలిగించినా పంచాంగం చూస్తాం. కానీ పుట్టిన గడియను బట్టి జాతకం రాస్తారని విన్నానే తప్ప, జాతకం చూసి గడియను కోసుకోవడం మా అమ్మమ్మ కూడా ఎరగదు.

మీ వియ్యపురాలిని దుర్మార్గురాలు అనుకోవద్దు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 21.5 కాన్పులు సిజేరియన్లు. తెలంగాణలో 60.7. ఇక్కడి ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5. సర్కారు ఆసుపత్రులూ తక్కువేం తినలేదు, 44.5. ఆవిడ చుట్టాల్లో, అపార్ట్‌మెంట్‌లో, గుడి దగ్గర కలిసే వాళ్ళ ఇళ్ళల్లో కోడళ్ళందరికీ ఆపరేషన్లే అయి ఉంటాయి. ఎటూ కోతే అయినప్పుడు మంచి రోజు చూసి కోయిద్దాం అనుకోవడం ఆవిడ లెక్కలో ప్రేమే. ఆ లెక్క మొదటి అంకెలోనే తప్పింది.

ఇప్పుడు మీ ముందు ఉన్న దారులు చెప్తాను. ఎంచుకోవాల్సింది మీరు కూడా కాదు, మీ అమ్మాయి. మీరు పక్కన నిలబడే మనిషి.

తను కోరినట్టు మాతా శిశు ఆసుపత్రిలోనే కంటే, మిడ్‌వైఫ్‌ల చేతిలో కాన్పు సాఫీగా అయ్యే అవకాశం బాగుంది. జననీ శిశు సురక్ష కింద కాన్పు, ఆపరేషన్, మందులు, తిండి, బండి అన్నీ ఉచితం. చుట్టాల మాటలు పడాలి, అది ఖాయం. వార్డులో రద్దీ ఉంటుంది, ప్రత్యేక గది దొరకకపోవచ్చు, బాత్‌రూమ్ చూసి మీకు మనసు చివుక్కుమనొచ్చు. ఒప్పుకునే ముందు ఒకసారి వెళ్ళి చూడండి. రాత్రి రెండింటికి మత్తు డాక్టర్ ఆసుపత్రిలోనే ఉంటారా, ఇంటి నుంచి రావాలా? మిడ్‌వైఫ్‌లు మూడు షిఫ్టుల్లోనూ ఉంటారా, పగలేనా? నెత్తురు అక్కడే దొరుకుతుందా? పసిపిల్లల ప్రత్యేక వార్డు అదే ఆవరణలో ఉందా? ఇవి నిలబడి అడిగితే చెప్పేవే. రాత్రి షిఫ్టులో మిడ్‌వైఫ్ లేకపోతే, మీ అమ్మాయి క్లాసులో చూసిన ఆసుపత్రి, రాత్రి నొప్పులొస్తే వెళ్ళే ఆసుపత్రి ఒకటి కావు. అది ముందే తెలిస్తే మంచిది.

లేదూ, ప్రైవేటే కావాలని అల్లుడి మనసులోనూ ఉంటే, నొప్పులు వచ్చేదాకా ఆగే ప్రైవేటు డాక్టర్లు ఉన్నారు, మిడ్‌వైఫ్‌లను పెట్టుకున్న ఆసుపత్రులూ హైదరాబాద్‌లో ఉన్నాయి. వెళ్ళి "నార్మల్ చేస్తారా" అని అడగకండి. అందరూ చేస్తామనే అంటారు. "పోయిన నెల మీ దగ్గర తొలికాన్పులెన్ని, వాటిల్లో నార్మల్ ఎన్ని" అని అడగండి. జవాబు చెప్పే తీరులోనే సగం తెలిసిపోతుంది. ఖర్చుంటుంది. నెలలు నిండుతుండగా హైదరాబాద్ ప్రయాణం, అక్కడ ఎవరింట్లో ఉండాలి అన్న ప్రశ్న కూడా ఉంటుంది. వియ్యాలవారింట్లోనే ఉండాల్సి వస్తే, నొప్పులు మొదలైన గంటకే బండెక్కిస్తారు. తొలికాన్పులో అసలు నొప్పులు అందుకోవడానికే చాలాసేపు పడుతుంది. ఆ తొలి గంటల్లోనే వెళ్ళి మంచం ఎక్కితే "ఇంకా ముందుకు సాగట్లేదు" అనే మాట తొందరగా వినబడుతుంది. అది విన్నాక ఎవరూ ఆగరు.

ఇక ముహూర్తానికే ఒప్పుకుంటే ఇంట్లో గొడవ ఈ పూటకి సద్దుమణుగుతుంది. పొట్ట మీద కోతతో బాలింత లేచి తిరగడానికి ఎక్కువ రోజులు పడుతుంది, పాలు పట్టడం ఆలస్యం కావచ్చు. రెండో కాన్పులో మాయ పాత కుట్టు దగ్గర అతుక్కునే ప్రమాదం కొంత పెరుగుతుంది. అవసరమైన సిజేరియన్ ప్రాణాలు నిలబెడుతుంది, నేను కళ్ళారా చూశాను, దాని మీద ఒక్క మాట పడనివ్వను. ఇక్కడ మాత్రం మీరు రాసినంతలో ఆ అవసరం నాకు కనబడలేదు. అన్నీ ఆలోచించి మీ అమ్మాయే "నాకు నొప్పులంటే భయం, ఆపరేషనే కావాలి" అంటే అది తన హక్కు. అప్పుడు కూడా 39 వారాలు నిండాక వచ్చే రోజుల్లో ముహూర్తం చూడమనండి. పంచాంగంలో మంచి రోజులకు కరువు లేదు.

వియ్యపురాలితో ఎవరు మాట్లాడాలి? అల్లుడు. మీరు ఏం చెప్పినా ఆవిడకి అది డబ్బు మిగుల్చుకోవడంగానే వినిపిస్తుంది. కొడుకు చెప్తే వేరు. అతన్ని పిలిచి, కోపం లేకుండా, "నాయనా, 37 వారాలకు తీస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బంది రావచ్చట, నువ్వు ఏ డాక్టర్నన్నా అడిగి మీ అమ్మకు చెప్పు" అనండి. నార్మల్, సర్కారు, మిడ్‌వైఫ్ అన్న మాటలేవీ ఎత్తొద్దు. మనవడి ఊపిరి ముందు ఏ నాయనమ్మ అయినా ఆగుతుంది. ఆ తర్వాత మీరు ఫోన్ చేసి, "వదినా, 21వ రోజు బారసాల ముహూర్తం మీరే పెట్టియ్యాలె, పేరు కూడ మీ సిద్ధాంతే చూడాలె" అని అడగండి. ఆవిడకి కావలసిన పెద్దరికం అక్కడ దొరుకుతుంది. "పైసలకు చూస్తున్నరా" అన్నదానికి జవాబు చెప్పకండి. ఆ డబ్బు నిజంగానే మీ దగ్గరుంటే, పోస్టాఫీసులో పుట్టబోయే బిడ్డ పేర వేయండి.

మీ కథ సంగతి. లేబర్ రూమ్‌లో తోడుగా ఇంటి ఆడమనిషి ఒకరు ఉండొచ్చని, తను కాన్పు అనుభవం ఉన్న మనిషి కావాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే చెప్పింది. మీ అమ్మను గుమ్మం బయట నిలబెట్టారు కదా, మిమ్మల్ని లోపలికి రానిస్తారు. ఆ గదిలో మీ అమ్మాయి పక్కన ఉండేది మీరే. నొప్పి వచ్చినప్పుడల్లా తను ముందు మీ ముఖం చూస్తుంది. అక్కడ 1998 కనబడితే మిడ్‌వైఫ్ ఎంత మంచిదైనా ఏం చేస్తుంది? అందుకే ఆ కథ ఇప్పుడే చెప్పేయండి. వంటింట్లో, చిక్కుడుకాయలు ఒలుస్తూ చెప్పినా సరే. భయపెట్టడానికి కాకుండా "నాకు ఇట్ల జరిగింది, అందుకే నేను వద్దంటున్న" అని చెప్పండి. తను ఏడుస్తుందేమో, మీరూ ఏడుస్తారేమో. ఫరవాలేదు. తర్వాత ఇద్దరూ కలిసి ఆ మిడ్‌వైఫ్‌ల దగ్గరికి వెళ్ళి, చెప్పకుండా కోయొద్దు, కోయాల్సి వస్తే ముందు అడగండి అని మీ నోటితో మీరే చెప్పండి. 27 ఏళ్ళు ఆలస్యంగా అయినా చెప్పినట్టవుతుంది. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎవరైనా తల్లి వచ్చి నాతో అలా చెప్పి ఉంటే, నా కత్తెర ఎన్నోసార్లు ఆగేది.

అక్కడ మీకు పాత వాసనే తగిలితే, ఎవరైనా గొంతు పెంచితే, మీ అమ్మాయి కూడా అది చూస్తుంది. అప్పుడు రెండో దారి ఉండనే ఉంది.

ఇంతా రాసి అసలైనదాన్ని ఆఖరికి పెట్టాను, మీలాగే. హిమోగ్లోబిన్ 9.8 అని మీరు ఒక్క ముక్కలో దాటేశారు. మిగతా గొడవలన్నీ నెల తర్వాతవి. ఇది ఈ వారానిది. తల్లికి నెత్తురు తక్కువ ఉంటే, కాన్పులో మామూలుగా పోయే నెత్తురును కూడా తట్టుకోలేదు. ఇంటి దగ్గరైనా, కార్పొరేట్ ఆసుపత్రిలోనైనా ఇది ఒకటే. రేపే తీసుకెళ్ళి చూపించండి. ఐరన్ మాత్రలు రోజుకు రెండు చేయమంటారో, సెలైన్‌లో ఐరన్ ఎక్కిస్తారో వాళ్ళు చెప్తారు. మాత్ర టీతోనో పాలతోనో వేయనివ్వకండి, నిమ్మకాయ నీళ్ళతో వేయించండి. కాల్షియం మాత్ర ఇచ్చి ఉంటే దాన్ని ఇంకో పూటకి మార్చండి. మలం నల్లగా వస్తే కంగారు పడొద్దు. తలనొప్పి తగ్గకపోయినా, కళ్ళు మసకబారినా, కింద నెత్తురు కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా మాత్రం ముహూర్తం చూడకుండా 108కి ఫోన్ చేయండి.